స్థలం ఉందా?

2022 గోదావరి వరద గురించి చాలామంది రాశారు. మూసేసిన వంతెన, హెలికాప్టర్లు, పడవల్లో ముసలివాళ్లు, అన్నీ పేపర్లలో వచ్చాయి. నేను చెప్పదలుచుకున్నది నీళ్లు తీసిన తర్వాతి సంగతి. బడిలో పెట్టిన పునరావాస కేంద్రం నుంచి మమ్మల్ని ఎలా పంపించారు, ఎక్కడికి పంపించారు, అప్పట్నుంచి ఇప్పటిదాకా మేం ఎక్కడ ఉంటున్నాం అన్నది. దీని గురించి రాసినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

నేను భద్రాచలంలో బట్టలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతాడు. ఇంట్లో మా అత్త, ఇద్దరు పిల్లలు. కరకట్టకు లోపలి వైపు, పల్లంలో, రెండు గదుల రేకుల ఇల్లు. మా మామ కూలి డబ్బులతో కట్టుకున్నాడు. ఇంటి పన్ను రసీదు ఉంది, కరెంటు బిల్లు ఉంది. పట్టా లేదు.

మా ఊళ్లో గోదావరిని అడుగుల్లో చెప్పుకుంటారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జులై వచ్చిందంటే పాలప్యాకెట్ కొనడానికి వెళ్లినా ముందు అడిగేది ‘ఎన్ని అడుగులుందంట?’ అనే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. అప్పటికి మా అత్త చంకలో పిల్లాడు, వాడే మా ఆయన. ఆ వరద తర్వాత ఏ వరద వచ్చినా ఆమె దానితోనే పోల్చి చూస్తుంది.

కట్ట ఉండగా మీరెందుకు మునుగుతారని బయటివాళ్లు అడుగుతారు. గోదావరి పెరిగినప్పుడు నది నీళ్లు ఊళ్లోకి రాకుండా కట్టకున్న తూముల తలుపులు దించేస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వానకు, మురుగుకు బయటికి పోయే దారి ఉండదు. మోటార్లు పెట్టి తోడి నదిలోకి పోస్తారు. మోటారు మొరాయించినా, తూము కారినా, వాన ఆగకపోయినా ముందు నీళ్లు చేరేది మా వీధిలోకే. ఏఎంసీ కాలనీ, సుభాష్‌నగర్, కొత్త కాలనీ లాంటి పల్లపు వాడలన్నిటిదీ ఇదే కథ.

2022 జులై రెండో వారంలో గోదావరి ఒకసారి పెరిగి కాస్త తీసింది. ఇక పోతుందిలే అనుకున్నాం. అంతలోనే మళ్లీ ఎక్కింది. మైకు ఆటో వీధిలోకి వచ్చేసరికి మా వాకిట్లో నీళ్లు చీలమండ దాటాయి. బియ్యం, గ్యాస్ బండ, పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు ఆటోలో వేసుకున్నాం. కుట్టు మిషన్‌ను మా ఆయన, పక్కింటాయన కలిసి అటక మీదికి ఎక్కించారు. శ్రావణం దగ్గర పడుతోంది కాబట్టి నా దగ్గర చాలామంది బ్లౌజు ముక్కలు, పట్టుచీరలు ఉన్నాయి. అవన్నీ రెండు సంచుల్లో కుక్కి మిషన్ పక్కనే పెట్టాను. అటక దాకా నీళ్లెందుకు వస్తాయనుకున్నాం. 16 తెల్లవారేసరికి 71.3 అడుగులు. 24 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు భద్రాచలం దగ్గర పోతున్నాయని చెప్పుకున్నారు. సారపాక వైపు వెళ్లే వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఊరు ఊరంతా ఒక దీవిలో ఉన్నట్టయింది.

మా వాడు అప్పుడు ఏడో తరగతి. వాడి బడే మా కేంద్రం. వాడు రోజూ కూర్చునే గదిలోనే మాకు చోటు దొరికింది. బెంచీలన్నీ గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చారు. బోర్డు మీద భిన్నాల లెక్క ఒకటి సగంలో ఆగి ఉంది. మా గదిలో తొమ్మిది కుటుంబాలు. ఆడవాళ్లం, పిల్లలు గదిలో. మగవాళ్లు వరండాలో. అన్నం పెట్టలేదని నేననను. పొద్దున ఉప్మానో పులిహోరో, మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు. మందులిచ్చే నర్సమ్మ రోజూ వచ్చింది. ఊళ్లో కుర్రవాళ్లు పాలు, బిస్కెట్లు, దుప్పట్లు మోసుకొచ్చారు. వాళ్ల మేలు మరచిపోలేం.

కష్టమంతా మరుగుదొడ్ల దగ్గర. పిల్లల కోసం కట్టిన నాలుగు దొడ్లకు అంతమంది పెద్దవాళ్లం. నీళ్లు రెండు పూటలే. నెలసరి వచ్చిన ఆడపిల్లలు రాత్రి అందరూ పడుకునేదాకా ఆగేవాళ్లు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. నీళ్లు తాగడం మానేసి మంటతో అల్లాడిపోయింది. మా వీధిలో ఒక బాలింత ఉంది. గది మూలన రెండు చీరలు అడ్డం కట్టి ఆమెకు చోటు చేశాం. ఆ చీరల వెనకకు వెళ్లి బట్టలు మార్చుకునే వంతు కోసం మిగతా ఆడవాళ్లం కూచునేవాళ్లం. అక్కడున్నన్నాళ్లూ మేం గొంతెత్తి మాట్లాడుకున్నది లేదు. ఒక కుటుంబం మాట తొమ్మిది కుటుంబాలకూ వినపడుతుంది.

నీళ్లు తీయడం మొదలైన రోజు నుంచే కేంద్రం ఎత్తేసే మాట వచ్చింది. వానల సెలవులు అయిపోయి రాష్ట్రమంతా బళ్లు తెరిచారు. మా దగ్గర మేం పడుకుని ఉన్నాం. హెడ్మాస్టరుగారు మా గదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, ‘అమ్మా, మిమ్మల్ని పొమ్మనడానికి నాకు నోరు రావట్లేదు. పదో తరగతి పిల్లలు ఇళ్ల దగ్గరే ఉన్నారు, ఏం చేయమంటారో మీరే చెప్పండి’ అన్నారు. మా వాడు ఆయన ముందు తల దించుకున్నాడు. వాడి బడి తెరవాలంటే మేం బయటికి పోవాలి. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. బడిని బడిగా ఉంచి మమ్మల్ని వేరే చోట పెట్టే ఏర్పాటు ఎవరూ చేయలేదన్నదే నా బాధ.

గట్టిగా ఎవరూ వెళ్లగొట్టలేదు. నష్టం రాసుకునేవాళ్లు ఇంటింటికీ వస్తారు, ఇంటి దగ్గర మనిషి ఉండాలి అన్నారు. బియ్యం కూడా ఇంటి దగ్గరే ఇస్తారన్నారు. అంతే, ఒక్క పూటలో సగం కేంద్రం ఖాళీ అయింది. తడి ఆరకముందే, కరెంటు రాకముందే, కాలు పెట్టే వీలు లేని ఇళ్లలోకి పేరు రాయించుకోవడానికి వెళ్లాం. మర్నాటి లెక్కలో మేం ఇళ్లకు చేరుకున్న కుటుంబాలం. ఆ రాత్రి మా అత్తను, పిల్లలను ఆటోలో పడుకోబెట్టి మేమిద్దరం పక్కవాళ్ల డాబా మెట్ల మీద కూచున్నాం.

వరద ఇంట్లోంచి పోయాక ఏం మిగులుతుందో చూడనివాళ్లకు చెబుతాను. మోకాలి లోతు ఒండ్రు. పైన పొర ఆరి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే దిగబడుతుంది. తడిగా ఉండగానే పారతో ఎత్తి తట్టలతో బయట పోయాలి. ఎండిందంటే గునపం కావాలి. గోడకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత కొట్టినట్టు ఉంటుంది. మా ఇంట్లో ఆ గీత అటకకు జానెడు పైన ఉంది. మిషన్ చక్రం తిరగలేదు, సూది కమ్మీ బిగుసుకుపోయింది. సంచుల్లోని బట్టలు తీసి కుళాయి కింద పెడితే మట్టి పోయింది కానీ జరీ నల్లబడి ఉంది. వాటిలో ఒకటి ఒకామె పెళ్లిచీర మీదికి కుట్టమని ఇచ్చిన ముక్క. ఆమె నన్నొక్క మాట అనలేదు. ఇచ్చినవాళ్లందరికీ నెమ్మదిగా డబ్బు కట్టుకుంటూ వచ్చాను. కొందరు వద్దన్నారు, కొందరు తీసుకున్నారు. తీసుకోవడంలో తప్పేముంది, వాళ్లవీ కష్టపడి కొనుక్కున్న బట్టలే.

గోడల చెమ్మ సంక్రాంతి దాకా ఆరలేదు. అత్తకు దగ్గు పట్టుకుంది. బ్లీచింగ్ చల్లినా వాసన పోలేదు.

2022 జులై 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చారు. వరదకు చిక్కిన కుటుంబానికి 10,000 రూపాయలు, రెండు నెలలపాటు నెలకు 20 కిలోల బియ్యం ప్రకటించారు. భద్రాచలం, పినపాక నియోజకవర్గాల్లో వరద బెడద శాశ్వతంగా తప్పించడానికి 1000 కోట్లు ఖర్చు పెడతామని, పల్లంలో ఉన్నవాళ్లకు ఎత్తయిన చోట కాలనీ కట్టిస్తామని చెప్పారు. ఆ మాట వినగానే మా వీధి ఆడవాళ్లం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. డబ్బులు మా అత్త ఖాతాలో పడ్డాయి. మా పక్కింట్లో అద్దెకుండే వాళ్లకు మాత్రం చాలా రోజులు పంచాయితీ నడిచింది. మునిగిన ఇల్లు యజమానిది, మునిగిన బియ్యం, మంచం, టీవీ అద్దెకున్నవాళ్లవి. కాగితాల మీద పేరు ఒక్కటే. ఆ గొడవలో పదిహేనేళ్ల ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం మానేశారు.

మా చెల్లెల్ని కూనవరం మండలంలో ఇచ్చాం. 2014 దాకా అదీ మాతోపాటు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను ఆంధ్రాలో కలిపినప్పుడు అటు పోయింది. శబరి గోదావరిలో కలిసేది అక్కడే, అందుకని రెండు నదులూ వాళ్ల మీదే పడతాయి. 2022 జులైలో వాళ్లు కొండ మీదికి ఎక్కి పరదాలు కట్టుకుని ఉన్నారు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయి చెల్లెలి గొంతు విని చాలా రోజులైంది. బతికున్నారని ఆ వైపు నుంచి వచ్చిన ఒక లాంచీ మనిషి చెబితే తెలిసింది. అక్కడ కుటుంబానికి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, పప్పు, నూనె ఇచ్చారు. ఒకే నది ముంచింది, ఇటు పదివేలు, అటు రెండువేలు. భద్రాచలాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు జనం మమ్మల్ని మళ్లీ తెలంగాణలో కలపండని రోడ్డెక్కింది అప్పుడే.

చెల్లెలి కష్టం నాకంటే పెద్దది. పోలవరం నిర్వాసితులకు గిరిజనులైతే 6.86 లక్షలు, కానివాళ్లకు 6.36 లక్షలు, కాలనీలో ఇల్లు ఇవ్వాలని ప్యాకేజీ ఉంది. ముందు 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్లకని వరస పెట్టారు. వాళ్ల వాడ కాగితంలో ఆ గీతకు పైన ఉంది. నీళ్లు మాత్రం వాళ్ల ఇంటి కప్పు మీదుగా పోయాయి. ‘అక్కా, కొలిచినోళ్లు ఎండాకాలం వచ్చి కొలిచారే’ అంది నాతో. నీళ్లు తీయగానే వాళ్లూ కొండ దిగి ఆ ఇంటికే పోయారు. పరదాలు విప్పేశారు కాబట్టి అక్కడా కేంద్రం ఖాళీ అయినట్టే.

మాకు కట్టిస్తామన్న కాలనీ ఎందుకు రాలేదని అడిగితే డబ్బుల కంటే ముందు నేల మాట వస్తుంది. భద్రాచలానికి ఒక పక్క గోదావరి, మిగతా పక్కలన్నీ ఆంధ్రా ఊళ్లు. మా ఊరి రాముడి గుడి మాన్యం కూడా చాలావరకు పురుషోత్తపట్నంలో ఉండిపోయింది. ఊరు పెరగడానికి చోటు లేదు. ఇంకాస్త దూరం పోతే అడవి. ఇది ఏజెన్సీ, 1/70 చట్టం ఉంది. గిరిజనులు కానివాళ్లు ఇక్కడ భూమి కొంటే చెల్లదు. మేం బీసీలం. ఆ చట్టం తీసేయాలని నేననను. అది లేకపోతే ఇక్కడి కోయవాళ్లకు ఈపాటికి సెంటు భూమి మిగిలేది కాదు. కానీ మాలాంటివాళ్లకు ఎత్తున చోటు చూపించాల్సింది ప్రభుత్వమే. మేం కొనుక్కుందామన్నా కొనుక్కోలేం.

ఎత్తు మీద ఉన్నవాళ్లూ సుఖంగా లేరు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక గొత్తికోయ అమ్మాయి ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి ఇటు వచ్చినవాళ్ల పిల్ల. చర్ల వైపు అడవిలో గుడిసె వేసుకున్నారు. వాళ్ల గుడిసె ఏ వరదకూ మునగదు, కానీ అడవి భూమి అని ఒకసారి పీకేశారు. మళ్లీ వేసుకున్నారు. రెండుసార్లు ఊరు పోయినవాళ్లకు తాత్కాలికం ఏది, శాశ్వతం ఏది? ఆ అమ్మాయి మా ఇంటి గోడ మీది గీతను చూసి, ‘ఇక్కడెందుకు ఉంటరక్కా, మా దిక్కు రండి’ అంది. నాకు ఏడుపొచ్చింది.

2023 జులై చివర్లో గోదావరి మళ్లీ మూడో హెచ్చరిక దాటి 56 అడుగులకు వచ్చింది. మళ్లీ అదే బడి. ఈసారి వేరే గది. మా అత్త రానని మొండికేస్తే మా ఆయన ఎత్తుకొచ్చి ఆటోలో కూచోబెట్టాడు. నేను చేసిన కొత్త పని ఒకటే, బట్టల సంచులను ముందుగా రెండంతస్తుల ఇల్లున్న ఒక టీచరమ్మ దగ్గర పెట్టడం. ఇప్పుడు మే నెల దాటితే పల్లంలో ఉన్న ఇంట్లో పరాయి బట్ట ఉంచను. దానివల్ల వానాకాలం పని సగం తగ్గింది.

ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తుల్లో ఇంటి కోసం రాశాం. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మా భద్రాచలంలోనే ప్రారంభించారు. ఇంటికి 5 లక్షలు, అదీ ఆడవాళ్ల పేరు మీద. పునాదికి కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత, పూర్తయ్యాక మిగతాది. మంచి పథకం. మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ మొదటి విడత సొంత స్థలం ఉన్నవాళ్లకు. స్థలమున్నవాళ్లు ఎల్1 జాబితా, ఇల్లూ స్థలమూ లేనివాళ్లు ఎల్2.

సర్వే చేసే అబ్బాయి ఫోన్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ‘స్థలం ఉందా అమ్మా?’ అన్నాడు.

‘ఉంది, కానీ మునుగుతుంది’ అన్నాను.

‘యాప్‌లో అది లేదమ్మా. ఉంది, లేదు, రెండే.’

ఉందంటే ఎల్1. 5 లక్షలతో, ఇంకో రెండు మూడు లక్షలు వడ్డీకి తెచ్చి, గోదావరి వచ్చే చోటే స్లాబు వేసుకోవాలి. ఆ తర్వాత ఎత్తు మీద ఎప్పుడు కాలనీ కట్టినా, నీకు ఇల్లిచ్చాం కదా అంటారు. లేదంటే ఎల్2. ఎప్పుడిస్తారో తెలియదు, ఈలోపు ఈ రేకుల కిందే. నేను ‘లేదు’ అని రాయించబోతుంటే మంచం మీద నుంచి అత్త అరిచింది. ‘లేదని ఎట్లంటవే? మీ మామ చెమటోడ్చి కట్టిన ఇల్లు. లేదని రాస్తే రేపు ఇది కూడా గుంజుకుంటరు’ అంది. ఆమె భయం అబద్ధం కాదు. పట్టా లేని నేల అది. ఆ అబ్బాయి మంచివాడు, మేం తేల్చుకునేదాకా ఎండలో నిలబడ్డాడు. చివరికి నా మాటే రాయించాను. అత్త నాతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. మా ఎదురింటివాళ్లు ఉందని రాయించుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉన్నప్పుడు తలుపుకు గొళ్లెం ఉన్న ఇల్లు ఎంత అవసరమో నాకు తెలుసు.

2025 జనవరిలో గ్రామసభలు పెట్టి జాబితాలు చదివారు. నేను లేచి మైకు అడిగాను. పదిమందిలో మాట్లాడటం నాకు అదే మొదలు. మునిగే స్థలం ఉన్నవాళ్లను స్థలం ఉన్నవాళ్లని ఎట్లా లెక్క కడతారని అడిగాను. వేదిక మీద కూచున్న సారు ఒకరు, ప్రశ్న సబబే, రాసివ్వండి అన్నారు. ఆ సాయంత్రమే మా అమ్మాయి కూచుని రాసింది. మా వీధి ఆడవాళ్లు సంతకాలు చేశారు. ఎదురింటామె కూడా చేసింది. అర్జీలో ఇలా ఉంది:

మేం ఉంటున్న స్థలాలను ప్రభుత్వానికి అప్పగించడానికి సిద్ధం. బదులుగా, గోదావరి 71 అడుగులు వచ్చినా మునగని చోట, చిన్నదైనా సరే, స్థలం ఇచ్చి ఇందిరమ్మ ఇల్లు మంజూరు చేయండి. పట్టా ఇంటి ఆడమనిషి పేరున ఇవ్వండి. అద్దెకున్నవాళ్లనూ లెక్కలో కలపండి. ఇల్లు అయ్యేదాకా జులై, ఆగస్టు నెలల్లో బడి కాకుండా, తలుపులున్న గదులు, ఆడవాళ్లకు వేరే దొడ్లు ఉన్న చోటు చూపించండి. గోడలు ఆరేదాకా అక్కడి నుంచి పంపించకండి.

అత్తకు చదివి వినిపించాం. కొత్త పట్టా చేతికొచ్చేదాకా పాత ఇల్లు ఖాళీ చేయించొద్దని కూడా రాయమంది. ఆ వాక్యం చివర్లో కలిపాక వేలిముద్ర వేసింది.